ఎక్స్ఛేంజ్‌లో కనిపించే మ్యాచ్డ్ అంకె: అందులో అసలు డబ్బు ఎంత, లెక్క ఎలా వేస్తారు

మీరు అడిగింది ఇది. ఐపీఎల్ మ్యాచ్ నడుస్తుండగా బెట్‌ఫెయిర్ అనే పందేల సైట్ స్క్రీన్‌షాట్ ఒకటి మీకు వచ్చింది, పైన 4 కోట్ల పౌండ్లు మ్యాచ్డ్ (అంటే కుదిరిన పందేల మొత్తం) అని ఉంది, దానితోపాటు ఇంత డబ్బు పడిందంటే ఫిక్సింగే అన్న వాదన కూడా వచ్చింది. అంటే ఆ ఒక్క మ్యాచ్ మీద జనం 400 కోట్ల రూపాయల పైన ఒడ్డినట్టేనా, 5 శాతం కమీషన్ లెక్కన కంపెనీకి ఒక్క సాయంత్రంలో 20 కోట్లు మిగిలినట్టేనా అన్నారు. కాదండి, రెండూ కాదు. ఎందుకు కాదో చెప్పాలంటే కొన్ని లెక్కలు వేయాలి. ఎక్స్ఛేంజ్ ధరల డేటాతో చాలా ఏళ్లు పనిచేసినవాణ్ణి కాబట్టి కాస్త విడమరిచి రాస్తాను. గుణకారం, భాగహారం వస్తే చాలు.

బుకీ దగ్గర పందెం కాస్తే మీకు ఎదురుగా ఉండేది బుకీయే. మీరు ఓడితే ఆయనకు లాభం, గెలిస్తే ఆయన జేబులోంచి ఇవ్వాలి. 2000లో లండన్‌లో ఆండ్రూ బ్లాక్, ఎడ్వర్డ్ రే కలిసి పెట్టిన బెట్‌ఫెయిర్ ఈ పద్ధతిని పక్కన పెట్టి, షేర్ మార్కెట్‌లాగా మనిషికి ఎదురుగా ఇంకో మనిషిని నిలబెట్టింది. ఈ జట్టు గెలుస్తుంది అని డబ్బు పెట్టేవాడు బ్యాక్ చేస్తాడు, గెలవదు అనేవాడు లే చేస్తాడు. ఆడ్స్, అంటే పందెం ధర, 3.0 అని ఉంటే 100 పౌండ్లు బ్యాక్ చేసినవాడికి గెలిచినప్పుడు 300 చేతికొస్తాయి, అందులో 100 తనవే, లాభం 200. ఆ 200 లే చేసినవాడు ఇచ్చుకోవాలి. దాన్ని అతని లయబిలిటీ అంటారు, పందెం కుదిరిన క్షణమే సైట్ ఆ మొత్తాన్ని అతని బ్యాలెన్స్‌లోంచి తీసి పక్కన పెట్టేస్తుంది. కంపెనీ మధ్యలో ఉండి లెక్క చూస్తుంది, గెలిచినవాడి దగ్గర కమీషన్ తీసుకుంటుంది, అంతే.

పందెం కుదరడం అన్నది ముఖ్యం. మీరు 2.2 దగ్గర 500 పౌండ్లు బ్యాక్ చేస్తానని ఆర్డర్ పెట్టారు, ఆ ధరకు లే చేసేవాళ్లు 180కే దొరికారు అనుకోండి, 180 మాత్రమే మ్యాచ్ అయినట్టు. మిగతా 320 అన్‌మ్యాచ్డ్‌గా వేచి ఉంటుంది, ఎవరూ రాకపోతే రద్దయిపోతుంది. అది ఏ టర్నోవర్ (మొత్తం పందేల విలువ) లెక్కలోకీ రాదు. ధరల పక్కన పెట్టెల్లో కనిపించే పెద్ద పెద్ద అంకెలు ఈ వేచి ఉన్న డబ్బే, వాటిని చూసి ఇంత ఆట జరిగింది అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. అది ఇంకా ఆట కాదు.

ఇప్పుడు మొదటి మెలిక. ఆ 180 పౌండ్ల పందెం కుదిరితే పైన మ్యాచ్డ్ దగ్గర పెరిగేది 180 కాదు, 360. బెట్‌ఫెయిర్ బ్యాక్ స్టేక్‌ను, అంటే బ్యాక్ చేసినవాడు పెట్టిన డబ్బును, రెండుతో గుణించి చూపిస్తుంది, అంటే బ్యాక్ వైపు ఒకసారి, లే వైపు ఒకసారి. లే చేసినవాడి లయబిలిటీ ఎంత అన్నది ఆ అంకెలోకి రానేరాదు, 2.2 దగ్గర అతను నిజంగా పక్కన పెట్టింది 216 పౌండ్లయినా లెక్కలో మాత్రం మళ్లీ 180యే. కాబట్టి మీ స్క్రీన్‌షాట్‌లోని 4 కోట్లు బ్యాక్ స్టేక్ లెక్కలో 2 కోట్లు. బుకీ టర్నోవర్ అన్నప్పుడు కస్టమర్లు కట్టిన స్టేక్ ఒక్కసారే లెక్కపెడతారు, బుకీ తన వైపు పూచీని కూడా కలిపి రెట్టింపు చేయడు. మలక్‌పేట రేస్‌కోర్సులో టోట్ (అందరి డబ్బూ ఒకే పూల్‌లో వేసి గెలిచినవాళ్లకు పంచే పద్ధతి) టిక్కెట్ల డబ్బు కూడా అంతే, కట్టిన టిక్కెట్టు ఒక్కసారే పూల్‌లోకి వెళ్తుంది. అందుకని ఎక్స్ఛేంజ్ అంకెను బుకీ అంకె పక్కన పెట్టి పోల్చేవాళ్లు ముందు సగం చేయాలి. అన్ని ఎక్స్ఛేంజ్‌లూ ఒకే పద్ధతిలో చూపించాలని రూలేమీ లేదు కాబట్టి ఏ సైట్ అంకె అన్నదీ చూసుకోవాలి. ఇంకో చిన్న విషయం, అంకె కనబడేది మీ అకౌంట్ ఏ కరెన్సీలో ఉంటే ఆ కరెన్సీలో. ఒకే మార్కెట్‌ను యూరో అకౌంట్‌వాడు, పౌండ్ అకౌంట్‌వాడు స్క్రీన్‌షాట్ తీస్తే రెండు వేర్వేరు అంకెలు, వాటిని పక్కపక్కన పెట్టి పది నిమిషాల్లో ఇంత పెరిగింది అని వాదించుకోవడం కూడా జరుగుతుంటుంది.

సగం చేస్తే పని అయిపోతుందా అంటే అవదు, అసలు సమస్య అక్కడే మొదలవుతుంది. ఇది చాలామంది అనుభవజ్ఞులు కూడా పట్టించుకోని విషయం, నాకు మాత్రం మొత్తం వ్యవహారంలో ఇదే ముఖ్యం.

రెండు జట్ల మ్యాచ్ తీసుకోండి, టై లాంటివి లేవనుకుందాం. ఎ జట్టు ఆడ్స్ 1.25, బి జట్టు 5.0. సురేష్ ఎ జట్టును 1.25 దగ్గర 100 పౌండ్లకు బ్యాక్ చేశాడు. ఎ గెలిస్తే 25 లాభం, ఓడితే 100 నష్టం. రమేష్ ఎ జోలికి పోకుండా బి జట్టును 5.0 దగ్గర 25 పౌండ్లకు లే చేశాడు. బి ఓడితే, అంటే ఎ గెలిస్తే, అతనికి 25 లాభం. బి గెలిస్తే 25ను 4తో గుణించి 100 నష్టం. ఇద్దరిదీ అక్షరాలా ఒకే పందెం, ఒకే లాభం, ఒకే నష్టం, ఒకే ఫలితం మీద. కానీ స్క్రీన్ మీద సురేష్ వల్ల పెరిగేది 200, రమేష్ వల్ల పెరిగేది 50. ఏ బటన్ నొక్కాడన్నదాన్ని బట్టి ఒకే పందెం నాలుగు రెట్ల తేడాతో నమోదవుతోంది. ఇలాంటి కొలతను పట్టుకుని ఈ మ్యాచ్ మీద ఆ మ్యాచ్ కంటే రెట్టింపు డబ్బు ఆడింది అని ఎలా చెప్తాం?

ధర తగ్గేకొద్దీ ఇది ఇంకా విపరీతంగా ఉంటుంది. టీ20లో ఛేజింగ్ చివరికి వచ్చేసరికి, 12 బంతుల్లో 5 పరుగులు, చేతిలో 7 వికెట్లు అన్న స్థితిలో ధర 1.01 దగ్గర నిలబడుతుంది. అక్కడ ఒకడు 10,000 పౌండ్లు బ్యాక్ చేస్తే వచ్చే లాభం 100. ఎదుటివాడు పణంగా పెట్టింది ఆ 100 మాత్రమే. స్క్రీన్ మీద మాత్రం ఒక్కసారిగా 20,000 పెరుగుతుంది. మ్యాచ్ ఫలితం దాదాపు తేలిపోయాక మ్యాచ్డ్ అంకె పరిగెత్తడానికి పెద్ద కారణం ఇదే. ఆఖరి ఓవర్లలో అంత డబ్బు ఎందుకొచ్చింది, ఏదో తెలిసే వచ్చింది అని వాట్సాప్‌లో ఊహాగానాలు నడుస్తుంటాయి, అక్కడ చాలాసార్లు జరుగుతున్నది 1.01, 1.02 దగ్గర చిల్లర లాభం కోసం పెద్ద స్టేక్‌లు పడటం.

మరి సరైన కొలత ఏది? నన్నడిగితే కుండలో పడిన మొత్తం, అంటే బ్యాక్ చేసినవాడి స్టేక్, లే చేసినవాడి లయబిలిటీ రెండూ కలిపి. లెక్క కూడా సులువు, స్టేక్‌ను ఆడ్స్‌తో గుణిస్తే అదే వస్తుంది. సురేష్ పందెంలో 100 ఇంటూ 1.25, అంటే 125. రమేష్ పందెంలో 25 ఇంటూ 5, అదీ 125. రెండూ ఒకటే పందెం కాబట్టి రెండూ ఒకటే రావాలి, వస్తున్నాయి. 1.01 దగ్గరి 10,000 పందెంలో కుండ 10,100, స్క్రీన్ చూపించిన 20,000లో సగం కంటే కొంచెం ఎక్కువ. అదే 10.0 దగ్గర 100 బ్యాక్ చేస్తే స్క్రీన్ మీద 200, కుండలో మాత్రం 1,000. అంటే ఫేవరెట్ దగ్గర స్క్రీన్ అంకె అసలును మించి చూపిస్తుంది, అవకాశం తక్కువున్న జట్టు దగ్గర అసలు కంటే బాగా తక్కువ చూపిస్తుంది. సరిగ్గా 2.0 దగ్గర మాత్రమే స్క్రీన్, కుండ రెండూ సమానం.

ఇక్కడే క్రాస్ మ్యాచింగ్ గురించి ఒక మాట. ఎ జట్టును 1.25 దగ్గర 100కు బ్యాక్ చేసేవాడు, బి జట్టును 5.0 దగ్గర 25కు బ్యాక్ చేసేవాడు ఉంటే వాళ్లిద్దరూ ఒకరికొకరు సరిపోతారు, లే చేసేవాడే అక్కర్లేదు. కలిపితే కుండ 125, ఎవరు గెలిచినా 125 ఇవ్వాలి. కంప్యూటర్ ఇలాంటి జతలను తానే కలిపేస్తుంది. కాబట్టి బ్యాక్ చేసిన ప్రతివాడి వెనకా అదే జట్టును లే చేసిన మనిషి ఒకడు ఉంటాడనుకోవడం కూడా పూర్తిగా నిజం కాదు.

సరే, కొలత సంగతి ఇలా ఉంటే, కొలిచేది మళ్లీ మళ్లీ తిరిగిన డబ్బు. సంతలో ఒకే 500 నోటు పొద్దున్నించి సాయంత్రం దాకా పది చేతులు మారితే 5,000 వ్యాపారం జరిగినట్టే, సంతలోకి వచ్చిన నోటు మాత్రం ఒక్కటే. ఎక్స్ఛేంజ్‌లో ట్రేడర్లు ఉంటారు, వాళ్లకు ఎవరు గెలుస్తారన్నది పట్టదు, ధర కదలిక మీదే వాళ్ల ఆట. 3.0 దగ్గర 100 బ్యాక్ చేసి, ధర 2.9కి రాగానే 100 లే చేసి బయటపడతారు. గెలిస్తే 200 వచ్చి 190 పోతుంది, 10 మిగులుతుంది. ఓడితే 100 పోయి 100 వస్తుంది, ఏమీ లేదు. ఆ రెండు పందేలకు స్క్రీన్ మీద పెరిగింది 400. ఇదే పనిని బ్రిటన్‌లో ఒక గుర్రప్పందెం మొదలయ్యేలోపు 50 సార్లు చేస్తే 20,000 పౌండ్ల మ్యాచ్డ్ అవుతుంది, అతని అకౌంట్‌లో ఉన్నది రెండు మూడు వందల పౌండ్లే కావచ్చు. ఇప్పుడిది మనుషులు చేతితోనే కాకుండా బాట్లు, అంటే వాటంతటవే పందేలు వేసే ప్రోగ్రాములు, కూడా చేస్తున్నాయి. కాబట్టి 4 కోట్లను సగం చేసి వచ్చిన 2 కోట్లు కూడా జనం ఇంటినుంచి తెచ్చిన డబ్బు కాదు, అందులో ఎంత భాగం కొత్త డబ్బు, ఎంత తిరుగుడు డబ్బు అన్నది ఆ ఒక్క అంకెలోంచి ఎవరూ తీయలేరు. ఖాతాల వారీగా చూడగలిగేది కంపెనీ ఒక్కటే.

ఇక మీ రెండో ప్రశ్న, కమీషన్. కమీషన్ మ్యాచ్డ్ మీద ఉండదు, స్టేక్ మీద కూడా ఉండదు. ఒక మార్కెట్‌లో ఒక కస్టమర్ వేసిన పందేలన్నీ కలిపి చివరికి నికరంగా లాభం వస్తే, ఆ లాభం మీద మాత్రమే. నష్టపోయినవాడు ఏమీ కట్టడు. రేటు దేశాన్ని బట్టి, ప్లాన్‌ను బట్టి మారుతుంది, మీరు 5 శాతం అన్నారు కాబట్టి దాన్నే తీసుకుందాం. 3.0 దగ్గర 100 పౌండ్ల పందెం, ఇద్దరూ మళ్లీ ట్రేడ్ చేయలేదు. బ్యాక్ గెలిస్తే లాభం 200, కమీషన్ 10. లే గెలిస్తే లాభం 100, కమీషన్ 5. ధర న్యాయంగా ఉందనుకుంటే బ్యాక్ గెలిచేది మూడింట ఒకసారి, సగటున కమీషన్ 6.67 పౌండ్లు. స్క్రీన్ మీది 200తో పోలిస్తే 3.33 శాతం. ఇప్పుడు 1.05 దగ్గర 1,000 పౌండ్ల పందెం తీసుకోండి. బ్యాక్ గెలిస్తే లాభం 50, కమీషన్ 2.50. లే గెలిస్తే లాభం 1,000, కమీషన్ 50, కానీ అది 21 సార్లలో ఒకసారి. సగటు 4.76, స్క్రీన్ మీది 2,000లో 0.24 శాతం. ఒకే 5 శాతం రేటు, మ్యాచ్డ్‌తో పోలిస్తే ఒకచోట 3.33, ఇంకోచోట 0.24. సూత్రంగా రాసుకోవాలంటే ఒకటిని ఆడ్స్‌తో భాగించి, వచ్చినదాన్ని ఒకటిలోంచి తీసేసి, కమీషన్ రేటుతో గుణించండి, ఏ ధరకైనా ఇదే పనిచేస్తుంది. పైన చెప్పిన ట్రేడర్‌నైతే ఇంకా గమనించాలి, 400 మ్యాచ్డ్ సృష్టించి అతను కట్టేది గెలిస్తే అర పౌండ్, ఓడితే సున్నా. ఇవన్నీ కలిసిన మార్కెట్‌లో 4 కోట్లకు 5 శాతం అని లెక్కకట్టడం ఎంత దూరపు మాటో మీకే అర్థమవుతుంది.

టర్నోవర్‌ను ఎలా నిర్వచిస్తారన్నదాని మీద కోర్టుల దాకా వెళ్లిన గొడవలున్నాయి, ఎందుకంటే పన్నులూ ఫీజులూ దానిమీదే నడుస్తాయి. ఆస్ట్రేలియాలో రేసింగ్ న్యూ సౌత్ వేల్స్ సంస్థ తమ రేసుల సమాచారం వాడుకునే పందెం కంపెనీలన్నిటికీ టర్నోవర్ మీద 1.5 శాతం ఫీజు పెట్టింది. అందరికీ ఒకటే రేటు కదా అనిపిస్తుంది, కానీ బుకీకి స్టేక్‌లో మిగిలేది ఎక్కువ, ఎక్స్ఛేంజ్‌కు మిగిలేది పలచని కమీషన్. మన లెక్కనే పెట్టి చూడండి. రెట్టింపు చేయకుండా బ్యాక్ స్టేక్ మీదే తీసుకున్నా, 3.0 దగ్గరి 100కు ఫీజు 1.50, వచ్చే కమీషన్ 6.67. 1.05 దగ్గరి 1,000కి ఫీజు 15, వచ్చే కమీషన్ 4.76, అంటే ఆ పందెం మీద వచ్చినదానికి మూడింతలు ఫీజుకే పోతుంది. ఇది తమ మీద వివక్ష అని బెట్‌ఫెయిర్ హైకోర్టు ఆఫ్ ఆస్ట్రేలియా దాకా వెళ్లింది, 2012లో ఓడిపోయింది. చట్టపరంగా కోర్టు ఏం చెప్పినా, లెక్కపరంగా మాత్రం టర్నోవర్ ఫీజు ఎక్స్ఛేంజ్‌కు సరిపడదన్నది నా అభిప్రాయం. బ్రిటన్ 2001 అక్టోబరులోనే పందెం మొత్తం మీద పన్ను వదిలేసి బుకీ స్థూల లాభం మీద 15 శాతం పన్నుకు మారింది. ఎక్స్ఛేంజ్‌కైతే పన్ను పడేది కమీషన్ మీద. నాకు అదే తెలివైన పద్ధతి అనిపిస్తుంది.

మన దేశంలోనూ ఇదే ప్రశ్న జీఎస్టీ రూపంలో వచ్చింది, 2023లో. ఆన్‌లైన్ మనీ గేమ్‌ల మీద పూర్తి విలువకు 28 శాతం అన్నప్పుడు, ప్రతి ఆటకూ ప్రతిసారీ వేస్తే ఒకే వెయ్యి రూపాయలు పదిసార్లు తిరిగి పన్నే అసలును మించిపోతుందన్న గోల మొదలైంది. చివరికి అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన రూల్ ప్రకారం, ఆటగాడు జమచేసిన మొత్తం మీదే పన్ను, గెలిచిన డబ్బును బయటికి తీయకుండా మళ్లీ ఆడితే దానిమీద మళ్లీ లేదు. పన్ను రేటు మంచిదా చెడ్డదా అన్నది పక్కన పెడితే, తిరుగుడు డబ్బును అసలు డబ్బుగా లెక్కించకూడదన్న సంగతి అక్కడ గుర్తించారు.

మ్యాచ్డ్ అంకె పూర్తిగా పనికిరానిదా అంటే, కాదు. ఒకే రకం మ్యాచ్‌లను ఒకదానితో ఒకటి పోల్చడానికి బాగా పనికొస్తుంది, రెండు వైపులా ఒకే పద్ధతిలో లెక్కించారు కాబట్టి. 2007 ఆగస్టులో పోలండ్‌లోని సోపోట్‌లో దవిదెంకో, వసాలో ఆర్గ్వెయో టెన్నిస్ మ్యాచ్ మీద దాదాపు 70 లక్షల డాలర్లు మ్యాచ్ అయ్యాయని అప్పట్లో పత్రికలు రాశాయి. ఆ స్థాయి మ్యాచ్‌కు మామూలుగా ఉండేదానికి అది దాదాపు పది రెట్లు, పైగా మొదటి సెట్ గెలిచిన దవిదెంకో ధర తగ్గాల్సింది పోయి పెరుగుతూ పోయింది. బెట్‌ఫెయిర్ పందేలన్నీ రద్దు చేసింది. 2008లో ఏటీపీ (పురుషుల టెన్నిస్ సంస్థ) విచారణ ఇద్దరు ఆటగాళ్ల తప్పూ లేదని తేల్చింది, అది గుర్తుంచుకోవాలి. ఇక్కడ అనుమానం రేకెత్తించింది 70 లక్షలన్న అంకె కాదు, మామూలు మ్యాచ్‌తో తేడా, దానితోపాటు స్కోరుకు ఎదురు నడిచిన ధర. మీ స్క్రీన్‌షాట్‌తో వచ్చిన ఫిక్సింగ్ వాదనలో ఆ రెండూ లేవు, అంకె ఒక్కటే ఉంది. ఐపీఎల్ మ్యాచ్‌కు పెద్ద అంకె రావడం మామూలే.

లయబిలిటీ పక్కన పెట్టడం ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే 2011 డిసెంబరు 28న ఐర్లండ్‌లోని లెపర్డ్స్‌టౌన్‌లో జరిగింది చూడండి. వోలే లా వెడెట్ అనే గుర్రం గెలుపు దిశగా దూసుకుపోతుంటే ఎవరిదో బాట్ 28కి 1 ధర (మన లెక్కలో 29.0) దగ్గర సుమారు 2.1 కోట్ల పౌండ్లకు లే పెట్టేసింది. లయబిలిటీ లెక్క వేస్తే దాదాపు 59 కోట్ల పౌండ్లు. ఆ అకౌంట్‌లో ఉన్నది వెయ్యి పౌండ్ల లోపేనని తర్వాత తేలింది, పరిమితిని పట్టాల్సిన సిస్టమ్ లోపం వల్ల వదిలేసింది. రేసు నడుస్తుండగా పడిన పందేలన్నీ రద్దు చేశారు. లే వైపు డబ్బు నిజంగా పక్కన పెట్టకపోతే మ్యాచ్డ్ అన్న మాటకు విలువే లేదు.

అదే మన దగ్గర పందేల ఏజెంట్లు ఇచ్చే లాగిన్ ఐడీల సంగతి. ఎక్స్ఛేంజ్ అని పేరు పెట్టుకున్న ఇలాంటి సైట్లు, వాటినే ప్యానెల్‌లు అంటారు, చాలావరకు బెట్‌ఫెయిర్ ధరలను ఎత్తి తమ పేజీ మీద చూపిస్తాయి. పైన మ్యాచ్డ్ అంకె కనబడినా అది ఆ ప్యానెల్‌లో పడిన పందేలది కాదు. మీకు ఎదురుగా లే చేసిన మనిషి లేడు, పక్కన పెట్టిన డబ్బు లేదు, ఉన్నది ఏజెంటు మాట. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టాలు సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించాయి, 2025లో కేంద్ర చట్టం ఆన్‌లైన్ మనీ గేమ్‌లను దేశమంతటా నిషేధించింది. కాబట్టి డబ్బు ఇరుక్కుంటే ఫిర్యాదు చేయడానికి కూడా దారి ఉండదు. దయచేసి వాటి జోలికి వెళ్లకండి.

మీకు లెక్కల మీద ఆసక్తి ఉంటే డబ్బు పెట్టకుండానే ఇదంతా చూడొచ్చు. మార్కెట్‌లో ప్రతి ధర దగ్గరా ఎంత మ్యాచ్ అయిందో విడివిడిగా ఉండే డేటా దొరికితే, ఒక్కో ధర దగ్గరి అంకెను సగం చేసి, ఆ ధరతో గుణించి, అన్నీ కూడండి. అలా వచ్చిన మొత్తాన్ని పైన కనిపించే మ్యాచ్డ్ అంకె పక్కన పెట్టి చూడండి. ఏకపక్షంగా ముగిసిన మ్యాచ్ ఒకటి, చివరి బంతి దాకా సాగిన మ్యాచ్ ఒకటి తీసుకుంటే తేడా బాగా తెలుస్తుంది. చేశాక సందేహం వస్తే ఇక్కడే రాయండి, మీ లెక్క చూస్తాను.